బడి గేటుకు 50 మీటర్లు

గత జూన్‌లో మా చిన్నవాడి బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. "వచ్చే నెల నుంచి మన క్యాంటీన్‌లో కూల్‌డ్రింకులు, చిప్స్, క్రీమ్ బిస్కెట్లు ఉండవు. పుట్టినరోజులకు చాక్లెట్లు, కేకులు కూడా పంచొద్దు" అని ప్రిన్సిపల్ మేడమ్ చెప్పగానే హాల్లో కలకలం మొదలైంది. వెనక వరసలోంచి ఒకాయన లేచి, "ఫీజు కట్టేది మేము. మా పిల్లాడు ఏం తినాలో కూడా మీరే చెప్తారా?" అన్నారు. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ, "ఇంట్లో మేం వద్దంటే వినడం లేదు. బడిలోనైనా ఆపండి మేడమ్, మీకు పుణ్యముంటుంది" అన్నారు. నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదు. మాట్లాడే ముఖం లేదు. బయట నా స్కూటర్ డిక్కీలో ఇంటికి కొన్న రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఉంది.

మర్నాడు బ్రాంచి తెరవగానే ఆ బడి గేటు పక్కన తోపుడుబండి పెట్టుకునే ఆవిడ వచ్చింది. పీఎం స్వనిధి కింద మన బ్యాంకే ఆవిడకు మొదట 10,000 రూపాయలు, అది తీర్చాక 20,000 రూపాయలు ఇచ్చింది. ఒక్క వాయిదా తప్పిన మనిషి కాదు. "సార్, గేటు కాడ బండి తీసెయ్యమంటున్నారు. నా బేరమంతా ఆ పిల్లలే. ఇక మీ వాయిదా ఎట్టా కట్టేది?" అని అడిగింది.

ఒక్క రోజు తేడాలో ఒకే ప్రశ్న తండ్రిగా ఒకసారి, బ్యాంకు అధికారిగా ఒకసారి నా ముందుకు వచ్చింది. పిల్లల తిండి విషయంలో బడి ఆంక్షలు పెట్టాలా, వద్దా? జవాబు కోసం వెతికినప్పుడు తెలిసిన సంగతులను మన బ్యాంకు కుటుంబాలతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నియమం ఇప్పటికే ఉంది

ఇదేదో ఆ ప్రిన్సిపల్ గారి సొంత ఆలోచన అనుకున్నాను. కాదు. 2010లో ఒక స్వచ్ఛంద సంస్థ ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. బడుల్లోనూ బడుల చుట్టుపక్కలా జంక్‌ఫుడ్ అమ్మకాన్ని అరికట్టాలని దాని సారాంశం. 2015లో కోర్టు, ఇందుకు నిబంధనలు తయారుచేయాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థను ఆదేశించింది. మనం ప్యాకెట్ల మీద చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అదే. ఆ సంస్థ 2020 సెప్టెంబరులో నిబంధనలు ప్రకటించింది. 2021 జూలై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి.

వాటి ప్రకారం సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, కలిపిన పంచదార, ఉప్పు ఎక్కువగా ఉన్న ఆహారాన్ని బడి క్యాంటీన్‌లో, మెస్‌లో, హాస్టల్ వంటశాలలో అమ్మకూడదు. బడి గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపల కూడా అమ్మకూడదు. అదే పరిధిలో అలాంటి సరుకులకు ప్రచారం చేయకూడదు. 2025 మే నెలలో సీబీఎస్‌ఈ మరో అడుగు వేసి, తన పరిధిలోని బడులన్నిటిలో 'షుగర్ బోర్డులు' పెట్టమంది. ఏ పానీయంలో ఎంత పంచదార ఉందో పిల్లలకు కనబడేలా రాసిపెట్టే పలకలవి. ఆ సర్క్యులర్‌లోని ఒక లెక్క నన్ను ఆపేసింది. 4 నుంచి 10 ఏళ్ళ పిల్లల రోజువారీ శక్తిలో 13 శాతం, 11 నుంచి 18 ఏళ్ళ వారిలో 15 శాతం పంచదార నుంచే వస్తోందట. ఉండాల్సింది 5 శాతమే.

సీసాలో ఎన్ని చెంచాలు?

శాతాలు మనకు అలవాటే గానీ పిల్లలకు చెంచాల్లో చెబితే తెలుస్తుంది. 7 నుంచి 9 ఏళ్ళ బిడ్డకు రోజుకు సుమారు 1,700 కిలోకేలరీలు కావాలి. అందులో 5 శాతం అంటే 85. గ్రాము పంచదార 4 కిలోకేలరీలు ఇస్తుంది కాబట్టి 21 గ్రాములు, అంటే దాదాపు 5 చెంచాలు. మామూలు కూల్‌డ్రింక్‌లో 100 మిల్లీలీటర్లకు 10 నుంచి 11 గ్రాముల పంచదార ఉంటుంది. 250 మిల్లీలీటర్ల చిన్న సీసా తాగితే 26 గ్రాములు, ఆరున్నర చెంచాలు. పొద్దున పాలలో వేసింది, సాయంత్రం బిస్కెట్లలోది ఇంకా కలపనే లేదు. ఒక్క సీసాతోనే ఆ రోజు కోటా దాటిపోయింది.

పళ్ళరసం బొమ్మ ఉన్న డబ్బాలు మేలనుకుంటాం. వాటిలోనూ పంచదార దాదాపు అంతే, కొన్నిట్లో ఎక్కువ కూడా. పైగా ద్రవంగా పోయే పంచదారకు కడుపు నిండినట్టు అనిపించదు. అందుకే సీసా తాగిన పిల్లవాడు భోజనం తగ్గించడు, లేదా అన్నం మానేసి సీసాతోనే సరిపెట్టుకుంటాడు. రెండూ నష్టమే. మొదటిది బరువు పెంచుతుంది, రెండోది పోషణను దెబ్బతీస్తుంది.

ఇక పళ్ళ సంగతి మా ఇంటి అనుభవం. రెండేళ్ళపాటు నాకు వేరే జిల్లాలో పోస్టింగ్. శనివారం రాత్రి ఇంటికి వచ్చి ఆదివారం సాయంత్రం బస్సెక్కేవాణ్ణి. వచ్చేటప్పుడు చేతిలో ఒక పెద్ద సీసా, రెండు చిప్స్ పొట్లాలు తప్పనిసరి. వారమంతా ఇంట్లో లేనన్న బాధను అలా తీర్చుకునేవాణ్ణి. మావాడు గుమ్మంలో నాకంటే ముందు నా సంచిని పలకరించేవాడు. తొమ్మిదో ఏట వాడి దవడ పళ్ళు రెండు పుచ్చిపోయాయి. ఒకదాన్ని పీకేశారు, ఇంకోదానికి లోపల శుభ్రం చేసి క్యాప్ వేశారు. నోట్లోని సూక్ష్మజీవులు పంచదారను ఆమ్లంగా మారుస్తాయని, ఆ ఆమ్లం పంటిపై పొరను తినేస్తుందని, కూల్‌డ్రింక్ స్వయంగానే ఆమ్లమని, కొంచెం కొంచెంగా గంటసేపు చప్పరిస్తే మరీ నష్టమని డాక్టర్ వివరించారు. "ఇంట్లో ఇవి ఎవరు తెస్తారు?" అని అడిగారు. మా ఆవిడ నావైపు చూసింది. మాట మాత్రం అనలేదు.

పేరు చూసి మోసపోవద్దు

మనం తెలిసి కొనే కూల్‌డ్రింక్ ఒక ఎత్తు. మంచిదనుకుని కొనేది మరో ఎత్తు. పిల్లలకు విరేచనాలైనప్పుడు మందుల దుకాణంలో ఓఆర్ఎస్ అని అడిగితే, ఆ అక్షరాలు వేసిన తియ్యటి పానీయాల డబ్బాలు చేతిలో పెట్టేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఆ డబ్బాల్లో పంచదార దానికి ఎన్నో రెట్లు. విరేచనాలతో ఉన్న బిడ్డకు అంత పంచదార మేలు చేయకపోగా కీడు చేస్తుంది. దీనిమీద హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ సూత్రానికి సరిపోని ఏ పానీయమూ పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకోకూడదని ఆదేశించింది. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో పాలలో కలిపే పొడులను 'హెల్త్ డ్రింక్' విభాగంలో పెట్టవద్దని ఆన్‌లైన్ దుకాణాలకు కేంద్రం సూచించింది. చదువుకున్న తల్లిదండ్రులే పేరు చూసి నమ్మేస్తే, పదేళ్ళ పిల్లవాడు క్యాంటీన్ కౌంటర్ ముందు నిలబడి సరైన నిర్ణయం తీసుకుంటాడని ఎలా అనుకోగలం?

ఆంక్షలు వద్దనే వారి వాదన

ఆ రోజు సమావేశంలో వినబడ్డ అభ్యంతరాలు తీసిపారేయదగ్గవి కావు.

మొదటిది, తిండి ఇంటి వ్యవహారం అన్న మాట. నిజమే. కానీ క్యాంటీన్‌లో ఏం పెట్టాలన్నది కూడా ఎవరో ఒకరు తీసుకునే నిర్ణయమే. మేనేజ్‌మెంట్ చదివే రోజుల్లో మార్కెటింగ్ పాఠంలో నేర్చుకున్న మొదటి సంగతి, కంటికి ఎదురుగా చేతికి అందేలా ఉన్నదే అమ్ముడుపోతుందని. కౌంటర్ మీద చిప్స్ దండ వేలాడదీయడం తటస్థంగా ఉండటం కాదు. దాన్ని తీసేస్తే తల్లిదండ్రుల హక్కు ఎక్కడికీ పోదు. ఇంట్లో పెట్టాలనుకున్నవారు పెట్టుకోవచ్చు.

రెండోది, లోపల ఆపితే బయట కొంటారన్న మాట. ఇదీ కొంతవరకు నిజమే. 2006లో ఇంగ్లండ్‌లోని రాథర్‌హామ్ దగ్గర ఒక బడి ఆరోగ్యకరమైన భోజనం మొదలుపెడితే, కొందరు తల్లులు బడి కంచె మీదుగా పిల్లలకు బర్గర్లు అందించారు. అది దేశమంతా వార్త అయింది. ఇంటివాళ్ళను కలుపుకోకుండా చేసిన నియమానికి గండి ఇంటివాళ్ళే కొడతారు. అందుకే కొన్ని దేశాలు బడి గేటు దగ్గరే ఆగలేదు. చిలీ 2016 నుంచి పంచదార, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల ముందు నల్లటి హెచ్చరిక గుర్తు వేయిస్తోంది. ఆ గుర్తు ఉన్న సరుకు బడిలో అమ్మడానికి వీల్లేదు. మెక్సికో 2014లో తియ్యటి పానీయాలపై లీటరుకు ఒక పెసో పన్ను వేసింది, 2025 మార్చి చివరి నుంచి బడుల్లో జంక్‌ఫుడ్ అమ్మకాన్ని నిషేధించింది. బ్రిటన్ 2018లో పంచదార మోతాదును బట్టి పెరిగే పన్ను పెడితే, పన్ను తప్పించుకోవడానికి కంపెనీలే పంచదార తగ్గించాయి. మన దగ్గర కార్బొనేటెడ్ పానీయాలపై జీఎస్టీ 40 శాతం. కానీ అందులో పంచదార ఎంత ఉన్నా పన్ను ఒకటే, కాబట్టి తగ్గించాలన్న తొందర కంపెనీకి ఉండదు. ప్యాకెట్ ముందు హెచ్చరిక గుర్తు సంగతి మన దేశంలో ఇంకా చర్చలోనే ఉంది.

మూడోది, బక్కపలచని పిల్లలున్న దేశంలో ఈ గొడవ ఎందుకన్న మాట. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ళ వారిలో దాదాపు 24 శాతం మంది ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నారు, 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అయితే చిప్స్ పొట్లం సన్నగా ఉన్న బిడ్డకు బలమిచ్చేది కాదు. ఆకలిని చంపి అన్నం తిననివ్వదు, అంతే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వేడి భోజనంతో పాటు గుడ్డు, పల్లీ చిక్కీ, రాగి జావ అందుతున్నాయి. వేలకు వేలు ఫీజు కట్టే మన పిల్లలు ఇంటర్వెల్‌లో పది రూపాయల పొట్లం తింటున్నారు. ఎవరి తిండి మెరుగో ఒకసారి ఆలోచించుకోవాలి.

నాలుగోది ఆ సమావేశంలో ఎవరూ అనలేదు. మర్నాడు మా బ్రాంచికి వచ్చి చెప్పింది బండి ఆవిడ.

బండి సంగతి

నిబంధనలను మళ్ళీ చదివాక నాకు అర్థమైంది ఇది. చట్టం వద్దన్నది బండిని కాదు, బండి మీది కొన్ని సరుకులను. జామకాయలు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, మొక్కజొన్న, మజ్జిగ గేటు పక్కనే అమ్ముకోవచ్చు. ప్రిన్సిపల్ గారితో మాట్లాడితే ఆవిడా ఒప్పుకున్నారు.

ఇంతటితో కథ సుఖాంతం అని రాయాలని ఉంది గానీ, అలా జరగలేదు. బండి ఆవిడ నాకు ఒక లెక్క చెప్పింది. "చిప్స్ పొట్లం ఇయ్యాల పోకపోతే రేపు పోద్ది సార్. జామకాయ సాయంత్రానికి మెత్తబడితే నా నెత్తిన పడ్డట్టే." మన భాషలో చెప్పాలంటే, ఆరోగ్యకరమైన సరుకుకు మారడంలోని నష్టభయమంతా ఆవిడ మీదే పడుతోంది. జూలైలో ఆవిడ వాయిదా పన్నెండు రోజులు ఆలస్యమైంది. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. నియమం పెట్టే బడి, సంతోషించే తల్లిదండ్రులు ఆ భారంలో కొంత మోయకపోతే అది న్యాయం కాదనిపించింది. తర్వాతి సమావేశంలో ఈసారి నేను లేచి అదే మాట చెప్పాను. క్యాంటీన్‌కు కావలసిన గుగ్గిళ్ళు, ఉడికించిన వేరుశెనక్కాయలు వారానికి మూడు రోజులు ఆవిడ దగ్గరే కొనాలని నిర్ణయించారు. దసరా నాటికి ఆవిడ బేరం పాతదానిలో ముప్పావు వంతుకు వచ్చింది. పూర్తిగా కోలుకుందని చెప్పను. వాయిదాలు మాత్రం మళ్ళీ తేదీకి పడుతున్నాయి.

కాబట్టి నా జవాబు, బడి ఆంక్షలు పెట్టాలి. అయితే తీసేసిన దాని స్థానంలో ఏం పెడుతున్నామో అదే రోజు చెప్పాలి. గేటు బయటి బతుకుతెరువును లెక్కలోకి తీసుకోవాలి. ఇంటిని కలుపుకోవాలి.

మన ఇంట్లో

ఆ మూడోది మన చేతిలోనే ఉంది. మా ఇంట్లో పనికొచ్చినవి చెబుతాను. ఏ డబ్బా కొన్నా వెనక్కి తిప్పి పంచదార గ్రాములు చూసి నాలుగుతో భాగించమని మావాడికి నేర్పాం. చెంచాలు వాడే లెక్కపెడతాడు. కూల్‌డ్రింక్ ఇంట్లో నిల్వ ఉంచడం మానేశాం. ఫ్రిజ్‌లో మజ్జిగ, పంచదార బాగా తగ్గించిన నిమ్మరసం ఉంటాయి. బెల్లం వేస్తే ఎంతైనా పరవాలేదన్న భ్రమ వదులుకున్నాం. పంచదార కోటాలో బెల్లం కూడా లెక్కే. కాకపోతే పల్లీ చిక్కీలో పల్లీలు మాంసకృత్తులిస్తాయి, సీసాలో అదీ లేదు. మార్కులు వస్తే సీసా, ఏడుపు ఆపితే చాక్లెట్ అనే బేరాలు మానేశాం. పుట్టినరోజుకు వాడి తరగతికి కేకు బదులు పెన్సిళ్ళు పంచాం.

పూర్తి నిషేధం మాత్రం పెట్టలేదు. నెలకోసారి, భోజనం తర్వాత, ఒక్క గ్లాసు అని మావాడితో ఒప్పందం. నేనిప్పుడు ఈ ఊరి బ్రాంచిలోనే ఉన్నాను కాబట్టి రోజూ రాత్రికి ఇల్లు చేరతాను. మొన్న శనివారం బండి ఆవిడ దగ్గర జామకాయలు కొని తెచ్చాను. మావాడు అలవాటు కొద్దీ సంచిలోకి తొంగిచూసి, గోడమీద మన బ్యాంకు క్యాలెండర్ దగ్గరకు వెళ్ళాడు. వచ్చే నెల మొదటి ఆదివారం చుట్టూ ఎర్ర పెన్నుతో గీసిన సున్నాను చూపించి, "గుర్తుందిగా నాన్నా?" అన్నాడు. ఉందన్నాను. జామకాయ కొరుకుతూ ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు.