మెనూలో పేజీ కనిపించడాన్ని నియంత్రించడం

విజయవాడ ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి, 5.69 లక్షలకు చేరితే రెండవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. కృష్ణా డెల్టా రైతుల కోసం మీరొక వెబ్‌సైటు తయారు చేస్తున్నారనుకోండి. 'వరద హెచ్చరిక' పేజీ వరద రోజుల్లోనే మెనూలో ఉండాలి. ఇందుకు ప్రతిసారీ టెంప్లేట్‌ను సవరించాలా? అక్కరలేదు.

ఈజెడ్ పబ్లిష్ వంటి వ్యవస్థల్లో ప్రతి పేజీ ఒక కంటెంట్ క్లాస్‌కు చెందుతుంది. శీర్షిక, వివరణ వంటివి ఆ క్లాస్ లక్షణాలు. వాటికి 'మెనూలో చూపాలి' అనే చెక్‌బాక్స్ లక్షణాన్ని చేర్చండి. టిక్ ఉన్న పేజీలనే జాబితాలోకి తీసుకునేలా మెనూ టెంప్లేట్‌లో ఒక షరతు రాయండి. ఆ తరువాత టిక్ పెట్టడం, తీయడం కార్యాలయ సిబ్బందే చేసుకోగలరు.

గమనిక: టిక్ తీస్తే మెనూలోని లింకు మాత్రమే పోతుంది, పేజీ పోదు. చిరునామా తెలిసినవారు దాన్ని తెరవగలరు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అటువంటి రోజున ఎవరైనా పాత హెచ్చరికను చదివి, అదే తాజా సమాచారమనుకుంటే ప్రాణాపాయం. కాబట్టి హెచ్చరిక పేజీలో తేదీ, సమయం తప్పక చూపండి. పేజీనే మూసివేయాలంటే చదివే అనుమతులను మార్చాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మెనూ నుంచి తొలగించడానికీ, అనుమతి నిరాకరించడానికీ తేడా ఏమిటి?