పునశ్చరణ తరగతిలో పోటీ ఆటలు

పాఠం చెప్పడం పూర్తయ్యాక, పరీక్షకు ముందు, అదే పాఠ్యాంశాన్ని విద్యార్థులచేత మరోసారి మననం చేయించడాన్ని పునశ్చరణ అంటాం. బడిలో పిల్లలకు అన్నిటికంటె విసుగు పుట్టించే గంట ఇదే. తెలిసినవాడు విన్నదే మళ్ళీ వినాలి. తెలియనివాడికి అప్పుడు అర్థం కానిది ఇప్పుడూ అర్థం కాదు. ఈ విసుగు పోగొట్టడానికి చాలామంది ఉపాధ్యాయులు క్విజ్ వంటి పోటీ ఆటలు పెడతారు. మంచిదే. అయితే ఆట హుషారుగా సాగినంత మాత్రాన పునశ్చరణ జరిగినట్లేనా?

కొన్నేళ్ళ క్రితం బంజారా హిల్స్‌లోని ఒక పాఠశాలలో తొమ్మిదో తరగతి తెలుగు పునశ్చరణను చివరి బెంచీలో కూర్చుని చూశాను. అంశం సంధులు. 42 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, బల్లమీద ఒక గంట పెట్టారు. ఎవరు ముందు గంట కొడితే వారికి అవకాశం. ‘దేవాలయం’ అనగానే గంట, ‘అత్యవసరం’ అనగానే గంట. గది మారుమోగిపోయింది. నేను కాగితం మీద గీతలు పెడుతూ వచ్చాను. 20 ప్రశ్నల్లో 17 ప్రశ్నలకు జవాబు చెప్పింది నలుగురే. తరగతి అయ్యాక నా పక్కన కూర్చున్న అమ్మాయిని ‘మహర్షి’ ఏ సంధి అని అడిగాను. కాస్త ఆలోచించి, మహా, ఋషి అని విడదీసి, గుణసంధి అని చెప్పింది. ఇందాక చెప్పలేదేం అంటే, “విడదీసేలోపే వాళ్ళు గంట కొట్టేశారు సార్” అంది.

ఆ అమ్మాయి మాటలోనే విషయమంతా ఉంది. పునశ్చరణవల్ల మేలు కలగాలంటే విద్యార్థి తన జ్ఞాపకంలోంచి జవాబును తానే బయటికి తీసుకోవాలి. రోడిగర్, కార్పికె అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగాలు దీన్ని స్పష్టంగా చూపాయి. కొందరు విద్యార్థులు ఒక వ్యాసభాగాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరవాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరవాత పరీక్షిస్తే ఫలితం తారుమారైంది. గుర్తు చేసుకుని రాసినవారే ఎక్కువ నిలుపుకున్నారు. కాబట్టి ఏ ఆటనైనా ఒక్క ప్రశ్నతో తూచండి: ప్రశ్న వినిపించినప్పుడు గదిలో ఎంతమంది ఆలోచిస్తున్నారు? గంట ఆటలో నలుగురు ఆలోచిస్తారు, తక్కినవారు చప్పట్లు కొడతారు.

పోటీతో బడి నడపడం మనకు కొత్త కాదు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీధిబడులను గురించి నివేదిక రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. ఉదయం అందరికంటె ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరసగా పెరుగుతూ పోతాయి. గౌరవం ఒక్కడికి, దెబ్బలు అందరికీ! 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఓడిన జట్టును నిలబెట్టి నవ్వించే క్విజ్ మాస్టరు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరి పోటీ వద్దా? వద్దనను. పోటీ సమానుల మధ్య ఉండాలంటాను. 1970వ దశకంలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో డి వ్రీస్, ఎడ్వర్డ్స్ రూపొందించిన ‘జట్లు-ఆటలు-టోర్నమెంటు’ పద్ధతి ఇలాంటిదే. మొదట నలుగురైదుగురితో జట్లు కడతారు. ప్రతి జట్టులోనూ బాగా చదివేవారు, మధ్యరకం వారు, వెనకబడ్డవారు కలిసి ఉంటారు. ఒకరికొకరు నేర్పుకుంటారు. పోటీ రోజున మాత్రం జట్లు విడిపోయి, దాదాపు ఒకే స్థాయి ఉన్న ముగ్గురు చొప్పున ఒక్కో బల్ల దగ్గర కూర్చుంటారు. ఒకరు చీటీ తీసి ప్రశ్న చదివి జవాబు చెబుతారు. పక్కవారు ఒప్పుకోవచ్చు, లేదా కాదని తమ జవాబు చెప్పవచ్చు. జవాబుల పట్టీ చూశాక సరిగ్గా చెప్పినవారికే చీటీ. కాదని తప్పు చెప్పినవారు అంతకుముందు గెలిచిన చీటీ ఒకటి వదులుకోవాలి. మొదట చెప్పినవారికి మాత్రం ఏ నష్టమూ లేదు. అందువల్ల బెదురుగొడ్డులాంటి పిల్లవాడు కూడా నోరు విప్పుతాడు. బల్ల దగ్గర తెచ్చుకున్న మార్కులు సొంత జట్టుకు చేరతాయి. తరవాతి పోటీలో గెలిచినవారు పై బల్లకు, వెనకబడినవారు కింది బల్లకు మారతారు.

నేను చూసిన 42 మందిని ఇలా కూర్చోబెడితే 14 బల్లలు. బల్లకు 15 చీటీలు తిరిగినా 210 సార్లు ఎవరో ఒకరు జవాబు చెబుతారు. ప్రతిసారీ మరో ఇద్దరు అది తప్పో ఒప్పో తేల్చుకోవడానికి ఆలోచిస్తారు. గోల మాత్రం తప్పదు. పక్క తరగతి టీచరుకు ముందే చెప్పుకోండి.

ఆ రోజు గంట ఆట పెట్టిన ఉపాధ్యాయుడు నాతో అన్నమాట కూడా చెప్పాలి. “బయట అంతా పోటీయే కదండీ, ఇప్పటినుంచే అలవాటు కానివ్వండి” అన్నారు. బంజారా హిల్స్ దిగి పంజాగుట్ట దాటితే అమీర్‌పేట. సాఫ్ట్‌వేరు కోర్సులకూ ఉద్యోగ పరీక్షలకూ కోచింగ్ కేంద్రాలతో నిండిన వీధులు. ఆయన మాట అబద్ధం కాదు. కాని అక్కడికి వచ్చే యువకుడు ఏ పోటీకి దిగాలో తానే ఎంచుకుని వస్తాడు. ఉద్యోగ పరీక్ష పని వడపోత. పునశ్చరణ పని అది కాదు. ఇక్కడ ఎవరినీ వడపోయనక్కరలేదు.

ఒక పరిమితి ఉంది. చీటీ ఆటలు సంధులకు, సంవత్సరాలకు, సూత్రాలకు, రాజధానులకు సరిపోతాయి. ఒక పద్యంలోని భావాన్ని వివరించడానికీ, ఒక ఉద్యమానికి కారణాలు చర్చించడానికీ సరిపోవు. అక్కడ ‘ఒకే సరైన జవాబు’ పెడితే పిల్లలు ఆలోచించడం మాని ఊహించడం మొదలుపెడతారు.

మీలో కొందరు ఇప్పటికే ట్యూషన్లు చెబుతూ ఉండవచ్చు. చెప్పకపోయినా, మీ అధ్యయన కేంద్రంలో తరగతి అయ్యాక ముగ్గురు మిత్రులు మిగిలితే చాలు. ఈ యూనిట్‌లోంచి తలా పది ప్రశ్నలు చీటీల మీద రాసి, వెనకవైపు జవాబులు రాయండి. ముగ్గురిలో ఎవరూ చెప్పలేని చీటీలను విడిగా ఒక కవరులో వేసుకోండి. వచ్చే వారం ఆట ఆ కవరుతో మొదలుపెట్టండి.