భుజం మీదుగా ఒక చూపు

ఫుట్‌బాల్ మ్యాచ్ తొంభై నిమిషాలు. అందులో ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండే సమయమంతా కూడితే ఒకటి నుంచి మూడు నిమిషాలు, అంతే. మిగతాసేపు అతను ఏం చేస్తున్నాడో టీవీ చూపించదు. కెమెరా బంతి వెంట పరుగెడుతుంది, దాని వెంట మన కళ్లూ పోతాయి. నార్వే జట్టు కెప్టెన్, లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బుకూ కెప్టెన్ అయిన మార్టిన్ ఓడెగార్డ్ ఆటలో అసలు పని జరిగేది టీవీ వదిలేసే ఆ సమయంలోనే. ఈసారి ఆర్సెనల్ మ్యాచ్ వచ్చినప్పుడు ఓ పది నిమిషాలు బంతిని వదిలేసి అతని మెడను గమనించండి. ఎడమ భుజం మీదుగా ఒక చూపు, బంతి వైపు ఒక చూపు, కుడి భుజం మీదుగా మరొకటి, మళ్లీ బంతి. పాస్ అతని పాదాన్ని తాకేసరికి ఎటు పంపాలో సగం తేలిపోయి ఉంటుంది.

ఈ మెడ తిప్పుళ్లను కూర్చుని లెక్కపెట్టిన శాస్త్రవేత్త కూడా నార్వే మనిషే. పేరు గైర్ యోర్డెట్, ఓస్లోలోని నార్వే క్రీడాశాస్త్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఆయన పద్ధతి వినడానికి సులువు, చేయడానికి మహా విసుగు. బంతిని కాకుండా ఒకే ఆటగాడిని దగ్గరగా తీసిన వీడియో తెచ్చుకోవాలి. బంతి అందడానికి ముందు పది సెకన్లలో అతని ముఖం ఎన్నిసార్లు బంతి మీంచి పక్కకు తిరిగిందో ఒక్కో ఫ్రేమూ చూస్తూ రాసుకోవాలి. 2013లో ఆయన బృందం ఇంగ్లీషు ప్రీమియర్ లీగ్‌లోని 118 మంది మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌ల ఆటను ఇలా పరిశీలించింది. ఎక్కువగా చుట్టూ చూసేవారి పాసుల్లో 81 శాతం సరిగ్గా చేరాయి. తక్కువగా చూసేవారివి 64 శాతమే. ఫ్రాంక్ లాంపార్డ్, స్టీవెన్ జెరార్డ్ ఇద్దరూ సెకనుకు 0.6 సార్లకు పైగా చూసేవారు. అంటే పది సెకన్లలో ఆరుసార్లు.

ఈ అంకెలు చూసి చాలామంది కోచ్‌లు పిల్లల మీద పడ్డారు: తల తిప్పు, ఇంకా తిప్పు! కానీ ఆ 81కీ 64కీ మధ్య ఉన్న తేడా అంతా చూపు వల్లే వచ్చిందా? ఎక్కువగా చూసేవారు మొదటినుంచీ మంచి ఆటగాళ్లు కావచ్చు. మైదానంలో కాస్త ఖాళీ దొరికే చోట నిలబడేవారు కావచ్చు. ఆ అనుమానాన్ని తీర్చుకోవడానికి 2020లో యోర్డెట్, సహచరులు మరో అధ్యయనం ప్రచురించారు. ఒకే ప్రీమియర్ లీగ్ క్లబ్బు, 27 మంది ఆటగాళ్లు, ఒకే సీజన్‌లో 21 మ్యాచ్‌లు. బంతి కాలికి వచ్చిన సందర్భాలు 9,574. సగటున సెకనుకు 0.44 చూపులు. ప్రత్యర్థి ఎంత దగ్గరున్నాడు, ఆటగాడు ఏ స్థానంలో ఆడుతున్నాడు లాంటివి కూడా లెక్కలోకి తీసుకుంటే, చూపుల సంఖ్యకూ పాస్ విజయానికీ సంబంధం ఉంది గాని అది చిన్నదని తేలింది. మొదటి అధ్యయనానికి వచ్చినంత ప్రచారం దీనికి రాలేదు. నమ్మదగినది మాత్రం ఇదే. తల తిప్పినంత మాత్రాన పాస్ పడదు. ఎప్పుడు తిప్పాడు, తిప్పి ఏం పట్టుకున్నాడు అన్నది ముఖ్యం.

ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు కంటి నిర్మాణంలో ఉంది. రెటీనా మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది. మనకు స్పష్టంగా కనిపించేదంతా దాని చలవే. అది చూడగలిగే మేర సుమారు రెండు డిగ్రీలు: చేయి చాపి బొటనవేలిని చూస్తే గోరు కప్పేంత స్థలం. చుట్టుపక్కల ఏదో కదిలిందని పక్కచూపు పసిగడుతుంది గాని అది ఎవరి చొక్కానో, ఆ మనిషి బరువు ఏ కాలి మీదుందో చెప్పలేదు. వీపు వెనక సంగతి సరే సరి. పైగా కన్ను ఒక చోటి నుంచి మరో చోటికి ఎగిరే ఆ క్షణంలో మెదడు చూపును అణిచివేస్తుంది. లేకపోతే లోకమంతా చెరిగిపోయినట్టు కనిపించేది. కాబట్టి తల తిప్పిన ప్రతిసారీ ఆటగాడికి దక్కేది సెకనులో ఒక ముక్క మాత్రమే, ఆ ముక్కసేపూ అతనికి బంతి సరిగా కనిపించదు.

బంతిని వదిలి చూపు పక్కకు తిప్పడం ఎప్పుడు క్షేమం? సహచరుడి కాలి నుంచి బంతి వెలువడ్డాక. అప్పటికి దాని దారి, వేగం చాలావరకు తేలిపోతాయి. మరొకరు దాన్ని ముట్టుకునేదాకా అది పెద్దగా ఆశ్చర్యపరచదు. ముట్టుకునే క్షణానికి మాత్రం చూపు తిరిగి బంతి మీదకు రావాలి. అనుభవం ఉన్న మిడ్‌ఫీల్డర్ల మెడ ఈ లయలోనే ఆడుతుంది. ఇంకో చిక్కుంది. పరుగెత్తే ఆటగాడు సెకనులో ఆరేడు మీటర్లు జరిగిపోతాడు కాబట్టి, ఒక సెకను కిందటి చిత్రం అప్పటికే పాతబడి ఉంటుంది. అష్టావధానంలో ఘంటాగణనం తెలిసినవారికి ఈ అవస్థ అర్థమవుతుంది. ఎదుట పృచ్ఛకులు సమస్యలూ నిషేధాక్షరాలూ విసురుతుంటే, మధ్యమధ్య మోగే గంటలను కూడా అవధాని మనసులో లెక్కపెట్టుకోవాలి. ఏ ఒక్కదానికీ పూర్తిగా లొంగిపోకూడదు. మిడ్‌ఫీల్డర్‌కు వెనకనుంచి వచ్చే ప్రత్యర్థి ఆ గంట లాంటివాడు.

మైదానం మధ్యలో ఆడేవారికే ఈ బెడద ఎక్కువ. టచ్‌లైన్‌ను ఆనుకుని ఆడే వింగర్‌కు ఒక పక్క గీత కాపలా కాస్తుంది, అటునుంచి ఎవరూ రారు. మధ్యలో ఉన్నవాడికి నాలుగు దిక్కులూ తెరిచే ఉంటాయి. యోర్డెట్ లెక్కల్లో సెంట్రల్ మిడ్‌ఫీల్డర్లు, సెంట్రల్ డిఫెండర్లు ఎక్కువగా, ఫార్వర్డ్‌లు తక్కువగా చూస్తున్నట్టు తేలడానికి ఇదొక కారణం.

ఓడెగార్డ్ ఈ అలవాటును ఎక్కడ పట్టాడు? ఓస్లోకు నైరుతిలో ఉన్న డ్రామెన్ పట్టణంలో 1998 డిసెంబరు 17న పుట్టాడు. తండ్రి హన్స్ ఎరిక్ అక్కడి స్ట్రోమ్స్‌గోడ్సెట్ క్లబ్బుకు ఆడిన మిడ్‌ఫీల్డర్, తర్వాత కోచ్. కొడుకుతో చిన్నప్పటినుంచీ చేయించిన సాధనలో పరుగు కన్నా, బలం కన్నా మొదటి టచ్‌కూ బంతి రాకముందు చుట్టూ చూడడానికీ ఎక్కువ చోటిచ్చాడు.

ఆ పుట్టిన తేదీని కాస్త పట్టించుకోవాలి. యూరప్ ఫుట్‌బాల్‌లో పిల్లల్ని సాధారణంగా క్యాలెండర్ సంవత్సరం ప్రకారం జట్లుగా విడదీస్తారు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టు. ఎనిమిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో, బలంలో చాలా తేడా. పెద్దగా కనిపించే పిల్లవాడినే ప్రతిభావంతుడని ఎంపిక చేస్తారు, మంచి శిక్షణ వాడికే దక్కుతుంది. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు పరిశీలించి రోజర్ బార్న్స్‌లే బృందం 1985లో దీన్ని బయటపెట్టింది. తర్వాత ఫుట్‌బాల్ అకాడమీల్లోనూ ఇదే కథ కనిపించింది. ఆ లెక్కన ఓడెగార్డ్ జల్లెడలోంచి జారిపోవాల్సినవాడు. దీనికి మరో ముఖమూ ఉంది. బలంతో నెగ్గలేని చిన్నవాడు నిలబడాలంటే ముందే చూడడం నేర్చుకోక తప్పదు. నిలబడగలిగిన కొద్దిమంది పెద్దయ్యాక తోటివారిని మించిపోతారని కొందరు పరిశోధకులు వాదిస్తారు. ఒక్క ఓడెగార్డ్‌ను చూపించి ఆ వాదాన్ని నెగ్గించలేం. అయితే అతని ఆట దానికి ఎదురు కూడా చెప్పదు.

నార్వే పిల్లల క్రీడా నియమాలు కూడా ఇలాంటివారికి కొంత ఊపిరి ఇస్తాయి. పిల్లలకు పదకొండేళ్లు వచ్చేదాకా పాయింట్ల పట్టికలు, ర్యాంకులు ఉండవు. జాతీయ ఛాంపియన్‌షిప్‌లు పదమూడు తర్వాతే. ఎనిమిదేళ్ల పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టి కప్పు గెలవాలన్న తొందర కోచ్‌కు అంతగా ఉండదు.

ఇక 2014. ఏప్రిల్‌లో స్ట్రోమ్స్‌గోడ్సెట్ తరఫున నార్వే అగ్ర లీగ్‌లో దిగేనాటికి అతని వయసు 15 ఏళ్ల 117 రోజులు. ఆ లీగ్‌లో అంత చిన్నవాడు అంతకుముందు ఆడలేదు. ఆగస్టులో జాతీయ జట్టు. అక్టోబరులో బల్గేరియాపై ఆడి, యూరో అర్హత పోటీల చరిత్రలోనే పిన్న వయస్కుడయ్యాడు. 2015 జనవరిలో రియల్ మాడ్రిడ్ ఎగరేసుకుపోయింది. మే నెలలో క్రిస్టియానో రొనాల్డో స్థానంలో మైదానంలోకి వచ్చి ఆ క్లబ్బు రికార్డునూ మార్చాడు.

తర్వాత చప్పబడింది. శిక్షణ ప్రధాన జట్టుతో, మ్యాచ్‌లు మాత్రం జినెదిన్ జిదాన్ కోచ్‌గా ఉన్న రెండో జట్టు కాస్తియాతో, స్పెయిన్ మూడో అంచె లీగ్‌లో. అటు వాళ్లలో ఒకడు కాలేదు, ఇటు వీళ్లలో ఒకడు కాలేదు. పదిహేడేళ్లకే అతని పని అయిపోయిందని రాసినవారూ ఉన్నారు. ఎంత చిన్న వయసులో ఆడాడన్న రికార్డు నిజానికి చెప్పేది ఒక కోచ్ తీసుకున్న నిర్ణయం గురించి. ఆ కుర్రవాడు ఎక్కడిదాకా వెళతాడో అది చెప్పదు. పత్రికలు ఈ రెంటినీ కలిపేశాయి.

అతన్ని తిరిగి నిలబెట్టినవి అరువు సీజన్లు. 2017 జనవరి నుంచి నెదర్లాండ్స్‌లోని హీరెన్‌వీన్, తర్వాత వితెస్, 2019లో స్పెయిన్‌లోనే రియల్ సొసియెడాడ్. చూసి నిర్ణయించే నైపుణ్యం ఒంటరి సాధనతో పూర్తికాదు. మీద పడే నిజమైన ప్రత్యర్థి, ప్రతివారం మ్యాచ్ కావాలి. దీనికి ప్రయోగాలు కూడా ఒక సూచన ఇస్తాయి. కంటి కదలికలు పట్టే కళ్లద్దాలు పెట్టుకుని ఐదుగురు మేటి మిడ్‌ఫీల్డర్లు పదకొండుమంది జట్లతో ఆడిన అధ్యయనం 2020లో వచ్చింది. ప్రయోగశాలలో తెర ముందు కూర్చోబెట్టి చేసిన పాత అధ్యయనాల కన్నా మైదానంలో వారి చూపు ఒక్కో చోట చాలా తక్కువసేపు ఆగింది. తెర మీద నేర్చినది గడ్డి మీదకు ఎంతవరకు వస్తుందో చెప్పడం అందుకే కష్టం. ఇప్పుడు కుర్రవాళ్లకు వీఆర్ పరికరాలు తొడిగి చూపు సాధన చేయిస్తున్న క్లబ్బులకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

2020 ఫిబ్రవరిలో సొసియెడాడ్ తరఫున మాడ్రిడ్‌కే వచ్చి, కోపా దెల్ రే క్వార్టర్ ఫైనల్లో తన సొంత క్లబ్బు మీదే తొలి గోల్ కొట్టాడు. సొసియెడాడ్ 4-3తో గెలిచింది. ఏడాది తిరిగేసరికి ఆర్సెనల్‌కు అరువు మీద వెళ్లాడు, 2021 ఆగస్టులో అక్కడే స్థిరపడ్డాడు. 2022లో కోచ్ మికెల్ ఆర్తెటా అతన్ని కెప్టెన్ చేశాడు. ఆ సీజన్‌లో లీగ్‌లో 15 గోల్స్.

ఆర్సెనల్‌లో అతనికి దొరికిన చోటు కూడా ఈ చూపుకు సరిపోయింది. అతనిది ఎడమ కాలు, ఆడేది మైదానం కుడి భాగంలో. అక్కడ పక్కకు ఒదిగి నిలబడి బంతిని ఎడమ కాలితో అందుకుంటే ఛాతీ సహజంగానే మైదానం మధ్యకు తెరుచుకుంటుంది. గోల్, పెనాల్టీ ప్రాంతం, అవతలి వింగ్ తల పెద్దగా తిప్పకుండానే ముందుంటాయి. కుడి గీత దగ్గర బుకాయో సాకా, వెనక బెన్ వైట్ ఉండేవారు. ముగ్గురూ ఎన్నో మ్యాచ్‌లు కలిసి ఆడారు కాబట్టి వాళ్లు ఎక్కడుంటారో ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేకపోయింది, మిగిలిన చూపులు ప్రత్యర్థుల కోసం. బంతి ఎదుటివారి దగ్గరున్నప్పుడూ ఈ కన్ను పనికొస్తుంది. ముందుండి ప్రెస్సింగ్ మొదలుపెట్టేది అతనే. బంతి ఉన్నవాడి మీదకు వంపుగా పరుగెత్తి తన వెనకనున్న మరో ప్రత్యర్థికి పాస్ దారి మూసేస్తాడు. వెనక ఎవరున్నారో ముందే చూసుకోకపోతే ఆ వంపు కుదరదు.

శరీరం మాత్రం ప్రతిసారీ సహకరించలేదు. 2024 సెప్టెంబరులో నార్వేకు ఆడుతూ చీలమండ గాయపడి దాదాపు రెండు నెలలు దూరమయ్యాడు. 2025 శరదృతువులో మోకాలు. ఆ నవంబరులో నార్వే మిలాన్‌లో ఇటలీని 4-1తో ఓడించి, ఎనిమిదికి ఎనిమిది అర్హత మ్యాచ్‌లూ గెలిచి ప్రపంచ కప్‌కు చేరినప్పుడు కెప్టెన్ మైదానంలో లేడు. నార్వే అంతకుముందు ప్రపంచ కప్ ఆడింది 1998 వేసవిలో, అతను పుట్టడానికి ఆరు నెలల ముందు.

ఇప్పటిదాకా ఇలాంటి చూపులను మనుషులే వీడియోలు చూసి లెక్కపెట్టారు. ఆ పని మారబోతోంది. ఆఫ్‌సైడ్ తేల్చడానికి 2022 ఖతర్ ప్రపంచ కప్‌లో స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టారు. ఒక్కో ఆటగాడి శరీరం మీద 29 బిందువులను సెకనుకు 50 సార్లు అవి గుర్తించాయి. ఇలాంటి సమాచారం చేతిలో ఉంటే ఇరవై రెండు మంది మెడ తిప్పుళ్లనూ కంప్యూటరే లెక్కగట్టగలదు. తల ఎటు తిరిగిందో ఆ బిందువులు చెబుతాయి గాని, ఆ తలలోని కన్ను దేని మీద ఆగిందో చెప్పలేవు. దానికి మళ్లీ కంటి కదలికలు పట్టే ఆ కళ్లద్దాలే కావాలి. వాటిని పెట్టుకుని ప్రీమియర్ లీగ్ మ్యాచ్ ఆడడానికి ఒప్పుకునే మిడ్‌ఫీల్డర్ ఎక్కడ దొరుకుతాడు?