వేగం పెంచుకోవడానికి చేసిన యంత్రం

1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన డచ్ డ్రైవరు మారిస్ గాట్సోనిడెస్‌కు మలుపులతోనే పేచీ. మలుపులో కారు ఎంత వేగంతో వెళ్తోందో కచ్చితంగా తెలిస్తే ఇంకొన్ని క్షణాలు మిగుల్చుకోవచ్చు. అందుకని రోడ్డుకు అడ్డంగా, కొంత ఎడంలో రెండు రబ్బరు గొట్టాలు పరిచాడు. చక్రం మొదటిదాన్ని తొక్కగానే గడియారం మొదలు, రెండోదాన్ని తొక్కగానే బంద్. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది.

మరింత జోరుగా నడపడానికి చేసుకున్న పరికరం చివరికి పోలీసుల చేతికి చేరింది. 1958లో గాట్సోమీటర్ కంపెనీ పుట్టింది. తరవాత ఫ్లాష్ కెమెరా తోడైంది, 1971లో రాడార్ వచ్చింది. కదిలే బండికి తగిలి తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యం మారుతుంది. ఆ తేడాను బట్టి వేగం కడతారు. తన కెమెరాలకు తానూ చిక్కి జరిమానాలు కట్టానని గాట్సోనిడెస్సే చెప్పుకున్నాడు!

1992లో ఈ రాడార్ కెమెరా పెట్టె లండన్ ట్వికెన్‌హామ్ వంతెన దగ్గర నిలబడింది. అక్కడ రాడార్ ఒక్కదాని మాటే చెల్లదు. అర సెకను తేడాతో రెండు ఫొటోలు తీస్తుంది. ఆలోగా బండి రోడ్డు మీది తెల్లగీతలు ఎన్ని దాటిందో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. అప్పట్లో ఫిలిం రీలు అయిపోతే మాత్రం పెట్టెకు కళ్లు పోయినట్టే. చాలా పెట్టెల్లో అసలు కెమెరాయే ఉండేది కాదు, అయినా డ్రైవర్లు బ్రేకు వేసేవాళ్లు. దాటగానే మళ్లీ రయ్యిమనేవాళ్లు. ఈ విద్య మనవాళ్లకూ కొత్తేమీ కాదు. దీనికి విరుగుడు సగటు వేగం కెమెరాలు: రెండు చోట్ల నంబరు ప్లేటు చదివి, మధ్యలో పట్టిన సమయాన్ని బట్టి లెక్క తేలుస్తాయి.

వేగం కెమెరాలను బడుల ముందు కూడా పెడతారు. అక్కడ ఇంత పట్టుదల దేనికంటే, గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 50కి చేరిన బండి దాదాపు మూడింతల శక్తితో గుద్దుతుంది.

న్యూయార్క్ నగరం 2013లో కొన్ని బడుల దగ్గర కెమెరాలు మొదలుపెట్టి, 2019 చట్టంతో 750 ప్రాంతాలకు అనుమతి తెచ్చుకుంది. పరిమితిని గంటకు 10 మైళ్లకు మించి దాటితే బండి యజమానికి 50 డాలర్ల చలానా. చిత్రమేమంటే, ఏళ్ల తరబడి రాత్రులూ శనాదివారాలూ ఆ కెమెరాలకు సెలవే. ప్రమాదాలకు బడి గంటలతో పనేముంది? 2022 ఆగస్టు 1 నుంచి అవి రాత్రింబవళ్లూ పనిచేస్తున్నాయి.