ఎవరికీ అచ్చిరాని ఇల్లు

కొత్త ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూస్తాం, ముహూర్తం చూస్తాం. అడుగుపెట్టిన వేళ బాగుంటే నాలుగు కాలాలు చల్లగా ఉంటామని ఆశ. వియత్నాంలోని హో చి మిన్ సిటీలో ఒక ఇంటి నక్షానే ఏకంగా ‘శుభం’ అని అర్థమొచ్చే చైనా అక్షరం ఆకారంలో గీశారు. అది ఒకప్పటి దక్షిణ వియత్నాం అధ్యక్షుడి నివాసం. పేరు ఇండిపెండెన్స్ ప్యాలెస్. ఇప్పుడు టికెట్ కొనుక్కుని ఎవరైనా గది గదీ తిరిగి రావచ్చు. మరి అంత శుభం చూసి కట్టిన ఇంట్లో ఎవరు సుఖపడ్డారు?

రాతి వెదురు తెరలు

రాజభవనం అనగానే గుమ్మటాలు, నగిషీలు ఊహించుకోకండి. ఇది తెల్లగా, సాదాసీదాగా, నేటి కాలపు ఆఫీసు భవనంలా కనిపిస్తుంది. గీసింది ఆ దేశపు ఆర్కిటెక్టే, న్గో వియెట్ థూ. ముందు వైపు వెదురు కణుపుల్లా చెక్కిన రాతి తెరలు నిలబెట్టారు. ఎండ నేరుగా లోపలికి కొట్టదు, గాలి మాత్రం ఆడుతుంది. మనలాంటి వేడి ప్రాంతాల వాళ్లు ఆగి చూడాల్సిన పనితనం అది.

కట్టించినవాళ్లకు దక్కలేదు

ఇదే చోట అంతకుముందు ఫ్రెంచివాళ్ల కాలం నాటి భవనం ఉండేది. 1962 ఫిబ్రవరి 27న సొంత వైమానిక దళంలోని ఇద్దరు పైలట్లే దానిపై బాంబులు వేశారు. అధ్యక్షుడు న్గో దిన్ దియెమ్ బ్రహ్మచారి. ఆయన తమ్ముడి భార్య మేడమ్ నూ ఆ ఇంటికి పెద్దదిక్కు, దేశానికి ప్రథమ మహిళ లెక్క. ఆ దాడిలో ఆవిడ గాయపడింది. పాతది కూల్చి కొత్తది మొదలుపెట్టారు.

గోడలు లేస్తుండగానే 1963 నవంబరులో సైన్యం తిరగబడింది. దియెమ్‌నీ, ఆయన తమ్ముడినీ చంపేశారు. అప్పుడు అమెరికాలో ఉన్న మేడమ్ నూ భర్తనీ, బావగారినీ ఒకేసారి పోగొట్టుకుంది. కొత్త ఇంట్లో కాపురం పెట్టే రాతే లేకపోయింది. 1966 అక్టోబర్ 31న గృహప్రవేశం వేరేవాళ్ల చేతుల మీదుగా జరిగింది.

పైన సరదాలు, కింద బంకర్

తర్వాత 1967 నుంచి అధ్యక్షుడు న్గుయెన్ వాన్ థియూ కుటుంబం ఇక్కడ ఉంది. పడక గదులు, భోజనాల హాలు, ఆయన భార్య అతిథుల్ని కూర్చోబెట్టే గది, సినిమా హాలు, ఆటల గది అన్నీ అప్పటి సామాన్లతోనే ఉన్నాయి. మెట్లు దిగితే మాత్రం గుండె జల్లుమంటుంది. నేలమాళిగలో గోడల నిండా యుద్ధం మ్యాపులు, వైర్‌లెస్ సెట్లు, ఆపదొస్తే అధ్యక్షుడు తలదాచుకోవడానికి ఒంటి మంచం. పెద్ద వంటగదీ ఆ కిందే.

1975 ఏప్రిల్ 8న ఈ ఇంటిపైనా బాంబులు పడ్డాయి. అవి పడిన చోట మేడ మీద ఎర్రటి వలయాలు గీసి ఉంచారు. ఏప్రిల్ 21న థియూ రాజీనామా చేశారు. కొద్ది రోజులకే దేశం విడిచారు. ఆయన భార్య విరాళాలు పోగుచేసి కట్టించిన ఆసుపత్రి మాత్రం పేరు మార్చుకుని ఇప్పటికీ నడుస్తోంది.

ఒక మహిళ తీసిన ఫొటో

ఏప్రిల్ 30న శత్రు ట్యాంకులు గేటు మీదికొచ్చాయి. మెయిన్ గేటు బద్దలుకొట్టింది 843 నంబరు ట్యాంకేనని ఇరవై ఏళ్లపాటు చెప్పుకున్నారు. నిజానికి అది పక్క గేటు దగ్గర ఇరుక్కుపోయింది. మెయిన్ గేటు విరిచింది 390. ఆ సంగతి తేల్చింది ఫ్రాన్స్‌కు చెందిన మహిళా ఫొటోగ్రాఫర్ ఫ్రాన్స్వాజ్ దెముల్దేర్. ఆ నిమిషంలో ఆవరణలో నిలబడి ఆమె తీసిన ఫొటో 1995లో వెలుగులోకొచ్చాక గానీ, 390లోని నలుగురు సైనికులకూ దక్కాల్సిన పేరు దక్కలేదు. మోడల్‌గా పనిచేసి కెమెరా పట్టిన ఆమె, ఆ తర్వాత లెబనాన్ యుద్ధంలో తీసిన ఫొటోకు 1977లో ‘వరల్డ్ ప్రెస్ ఫొటో ఆఫ్ ది ఇయర్’ అందుకుంది. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే. 2008లో కన్నుమూసింది.

వెళ్లేవాళ్లకు

లోపల నడకా ఎక్కువే, మెట్లూ ఎక్కువే. మెత్తటి చెప్పులు వేసుకుని పొద్దున్నే వెళ్లండి. ప్రభుత్వ కార్యక్రమాలుంటే సందర్శకుల్ని వదలరు కాబట్టి ముందే కనుక్కోండి. బయటి పచ్చికలో రెండు ట్యాంకులుంటాయి. అవి నమూనాలే, అసలువి హనోయ్‌లో ఉన్నాయి. పిల్లలు వెంట ఉంటే వాటి నంబర్లు చదివించండి. ఏది ముందు వచ్చిందో, ఆ విషయం ఎవరివల్ల తెలిసిందో అక్కడే చెప్పండి.