పొయ్యి ఎవరు చూస్తారు?

అండమాన్‌లోని మా డాలీగంజ్‌లో పొద్దు తొందరగా పొడుస్తుంది. గడియారం దేశమంతటికీ ఒకటే గానీ మేం తూర్పున ఎక్కడో ఉన్నాం కదా, మే, జూన్ నెలల్లో ఐదు కాకముందే సూర్యుడు వచ్చేస్తాడు. అప్పటికి మా టిఫిన్ కొట్లో మొదటి వాయి ఇడ్లీ దిగి ఉండాలి. ఎండాకాలం ధనీఖారి డ్యామ్ అడుగంటిందంటే కుళాయి ఏ రోజు వస్తుందో చూసుకుని, వచ్చిన పూటే డ్రమ్ములు నింపుకోవాలి. ఇలాంటి ఇంట్లో ఓ రోజు అన్నీ పక్కనబెట్టి ప్రభువు పాదాల దగ్గర కూర్చుంటానని ఎవరైనా అంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటే. పొయ్యి ఎవరు చూస్తారు?

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడెక్కి వచ్చారు. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు, నూటికి ఇరవై ఒక్కరు క్రైస్తవులు. విశాఖ నుంచి ఇక్కడికి ఓడలో దాదాపు 56 గంటలు. ఊరెళ్ళి వచ్చేటప్పుడు మా అమ్మకి దొరికే విశ్రాంతి అదే. వండే పని లేదు, తలుపు తట్టేవాళ్ళు లేరు. బంకు మీద బైబిలు తెరిచి పెట్టుకుని ఒక్కో కీర్తన నిదానంగా చదువుకునేది. ఇప్పుడు చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు చాలు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమయ్యాక ఇంటర్నెట్టూ బాగుపడింది. పిల్లల చదువులకి అదెంత మేలు చేసిందో నాకు తెలుసు. కానీ ఫోను చేతిలోంచి దిగడం లేదు. ప్రార్థన విన్నపాలు కూడా అందులోనే మోగుతున్నాయి.

మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఒక పడవ ప్రయాణం ఉంది. శిష్యులు ఊళ్ళు తిరిగి అలిసిపోయి వచ్చారు. వచ్చేపోయే జనంతో వాళ్ళకి భోంచెయ్యడానికి కూడా తీరిక లేదని మార్కు రాశాడు. టిఫిన్ కొట్టు నడిపేవాళ్ళకి ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఏకాంతంగా ఓ చోటికి వచ్చి కాస్త అలసట తీర్చుకోమని యేసు వాళ్ళని పిలిచాడు. పడవెక్కారు. జనం మాత్రం ఒడ్డున పరుగెత్తి వాళ్ళకన్నా ముందే అక్కడ ఉన్నారు. అంటే ఆ పూట శిష్యులకి చిక్కిన విశ్రాంతి పడవ అవతలికి చేరేంత సేపే! యేసు ఆ జనాన్ని విసుక్కోలేదు, కనికరపడి బోధించాడు, ఐదు రొట్టెలు పంచాడు. అంతా అయ్యాక శిష్యుల్ని పంపేసి, తాను ఒక్కడే కొండెక్కి ప్రార్థన చేశాడు. పగలు చేజారిన ఏకాంతాన్ని ఆయన రాత్రి వెతుక్కున్నాడు. నాలాంటి వాళ్ళకి ధైర్యమిచ్చే వాక్యం ఇది.

ఏలీయా ప్రవక్త సంగతీ అంతే. ఇక చాలు, చచ్చిపోతానని ఎడారిలో చెట్టుకింద పడుకున్నవాణ్ణి దూత రెండుసార్లు లేపి రొట్టె తినిపించాడు. హోరేబు కొండ, దేవుని మాట ఆ తర్వాతే. ముందు నిద్ర, తిండి.

మూడో శతాబ్దంలో ఈజిప్టు అంతోని ఏకాంతం కోసం ఆస్తి వదిలేసి ఎడారికి పోయాడు. అందరివల్లా అయ్యే పని కాదది. స్పెయిన్‌లో లయోలా ఇగ్నేషియస్ 1522లో మన్రేసాలో మొదలుపెట్టిన ధ్యాన సాధనలు 1548లో పుస్తకంగా అచ్చయ్యాయి. ముప్ఫై రోజుల మౌనం కోసం రాసిన ఆ పుస్తకంలోనే, 19వ సూచన దగ్గర, పనులు వదిలి రాలేనివాళ్ళకి రోజుకి గంటన్నర చొప్పున ఇంటి దగ్గరే సాగించే దారి ఉంది. మన తెలుగువాళ్ళలో, 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడం నేర్పారు. హైదరాబాదు హెబ్రోనులో భక్త్ సింగ్ గారి కూడికలకి జనం మూటాముల్లె సర్దుకుని వెళ్ళి పందిళ్ళ కింద ఉండిపోయేవాళ్ళు. పెద్ద కూడికలంటే నాకూ ఇష్టమే. కానీ పొద్దున్నుంచి రాత్రిదాకా మైకు ఆగకపోతే దేవుడు మాట్లాడే సందేదీ?

అందుకని మా సంఘంలో ఆడవాళ్ళం వంతులు వేసుకున్నాం. “అక్కా, రేపు నీ కొట్టు నేను చూస్తాను, నువ్వెళ్ళు” అని ఒకరంటే రెండోవాళ్ళు వెళ్ళాలి, మొహమాటపడకూడదు. పిండి ముందురోజే రుబ్బి పెట్టాలి, ఫోను ఇంట్లో వదిలెయ్యాలి, ఈ రెండే నియమాలు. నా వంతు వస్తే చిడియాటాపు బస్సెక్కుతాను. అడవి, సముద్రం కలిసే చోటది. మొదటి గంటంతా బుర్రలో లెక్కలే. సిలిండరు ఎప్పటికి అయిపోతుంది, పాలవాడికి ఎంత బాకీ, సాంబారులో ఉప్పు సరిపోయిందా? వాటిని తోసెయ్యను. ఒక్కొక్కటీ పైకే చెప్పేస్తాను, ప్రభువా ఇదిగో సిలిండరు, ఇదిగో బాకీ అని. చెప్పడానికి ఇంకేం మిగలనప్పుడు ఒక్క వాక్యం తీసుకుని దానిమీదే ఉంటాను. నిద్రొస్తే పడుకుంటాను, ఏలీయా పడుకోలేదా!

మగవాళ్ళ వంతులు ఇంకా మొదలవ్వలేదు. ఆటో తోలేవాళ్ళకి, రేవులో మూటలు మోసేవాళ్ళకి ఓ రోజు మానితే ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలి కానుకల్లోంచి ఇద్దామని అడిగాను. ప్రార్థన చేసుకోడానికి డబ్బులిస్తామా అని కమిటీలో కొందరు అడ్డం చెప్పారు. సభలప్పుడు షామియానాకి, మైకు సెట్టుకి ఇస్తున్నాం కదా, మూటలు మోసే తమ్ముడికి ఒక రోజు కూలి ఎందుకివ్వం? వచ్చే మీటింగులో మళ్ళీ అడుగుతాను.