పుట్టని చిప్పుకి జాతకం

మనవాళ్ళలో పండగ ఏ రోజన్నది ఏ పంచాంగం చూశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకరు శనివారమంటారు, ఇంకొకరు ఆదివారమంటారు. ఎవరి లెక్కా తప్పు కాదు, చేతిలో ఉన్న పంచాంగాలు వేరు. అంచేత అనుభవం ఉన్నవాళ్ళు వాదనకి దిగే ముందు "మీది ఏ పంచాంగమండీ?" అని అడుగుతారు. నేను పనిచేసే రంగంలో ఈ ప్రశ్న అడగడం చాలా ఆలస్యంగా అలవాటయింది.

ప్రాసెసర్ చిప్పుని చేసి చూద్దాం, నచ్చకపోతే మార్చుకుందాం అంటే కుదరదు. మొదటి చిప్పు చేతికి రావడానికి నెలలు పడుతుంది, కోట్ల డాలర్లు ఖర్చవుతాయి. అందుకని చిప్పు ఇంకా ఊహలో ఉండగానే అచ్చం దానిలా ప్రవర్తించే ప్రోగ్రాం ఒకటి రాసి, దాని మీద ప్రయోగాలు చేస్తాం. క్యాష్ మెమరీని రెట్టింపు చేస్తే వేగం ఎంత పెరుగుతుంది? నాలుగు కోర్ల బదులు ఎనిమిది పెడితే లాభమా, దండగా? పుట్టబోయే బిడ్డకి ముందే జాతకం వేయించడం లాంటిదన్నమాట. దీన్ని ఆర్కిటెక్చర్ సిమ్యులేటర్ అంటారు. తెలుగులో అనుకరణి అనవచ్చు గాని, ఆ మాట వింటే నాకు మిమిక్రీ గుర్తొస్తుంది కనక సిమ్యులేటర్ అనే అంటాను.

ఇవాళ విశ్వవిద్యాలయాల్లోనూ కంపెనీల్లోనూ విరివిగా వాడే సిమ్యులేటర్ జెమ్-5. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎమ్-5, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జెమ్స్ అనే రెండింటినీ కలిపితే ఇది వచ్చింది. దీన్ని పరిచయం చేసిన పరిశోధనపత్రం 2011లో అచ్చయింది. మూలం అందరికీ ఉచితం, ఎవరైనా మార్చుకోవచ్చు. ఆర్మ్, ఏఎమ్‌డీ వంటి కంపెనీల ఇంజనీర్లు కూడా ఇందులో చేయి వేశారు.

దీని లోపల ఒక గడియారం ఉంటుంది. మామూలుగా దాని ఒక టిక్కు ఒక పికోసెకండు, అంటే సెకండులో లక్ష కోట్లవ వంతు. ప్రతి టిక్కునీ లెక్కపెడుతూ కూర్చోదు లెండి. జరగబోయే సంఘటనల జాబితా ఒకటి పెట్టుకుని, ఒక సంఘటన నుంచి తరవాతి దానికి గెంతుతుంది. ఫలానా టిక్కు దగ్గర మెమరీ నుంచి జవాబు రావాలి, ఫలానా టిక్కు దగ్గర కూడిక పూర్తవాలి, ఇలాగ. అయినా నత్తనడకే. నిజం ప్రాసెసర్ సెకండుకి 300 కోట్ల ఆదేశాలు నడుపుతుందనుకుందాం. వివరంగా లెక్కకట్టే సిమ్యులేటర్ సెకండుకి 2 లక్షలు నడిపితే, ఆ ఒక్క సెకండు ముచ్చట చూడడానికి 4 గంటలు దాటుతుంది. నెలల తరబడి యంత్రాలు తిరిగితే గాని ఒక సిద్ధాంతవ్యాసానికి సరిపడా అంకెలు రావు.

ఇన్ని తంటాలు పడి సంపాదించిన అంకె మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలి?

కొన్నేళ్ళ కిందట నేనూ, పక్క గదిలో కూర్చునే తమిళ మిత్రుడూ ఒకే ప్రోగ్రాంని, ఒకే కొలతలున్న ఊహా ప్రాసెసర్ మీద నడిపాం. ఫలితాల్లో 6 శాతం తేడా వచ్చింది. మేము పరీక్షిస్తున్న కొత్త ఆలోచన వల్ల వచ్చే లాభమే 4 శాతం! రెండు రోజులు ఒకరి తప్పులు ఒకరం వెతికాం. చివరికి తేలిందేమిటంటే, నేను మార్చిలో దింపుకున్న జెమ్-5 వాడుతున్నాను, ఆయన జూన్‌లో దింపుకున్నది వాడుతున్నాడు. మధ్యలో ఎవరో ఒక లోపాన్ని సరిచేశారు. ఏది వాడావంటే ఇద్దరం జెమ్-5 అనే చెప్పుకున్నాం, అబద్ధమేమీ లేదు.

ఆ రోజుల్లో క్రమం తప్పకుండా అంకె వేసి విడుదల చేసే పద్ధతి లేదు. చాలామంది ఆ రోజుకి ఏది ఉంటే అది దింపుకుని, సొంత మార్పులు చేసుకుని పని కానిచ్చేవారు. ఆ మార్పుల్లో చాలా భాగం ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళ దగ్గరే ఉండిపోయేవి.

మామూలు సాఫ్ట్‌వేర్‌లో లోపముంటే తెర నల్లబడుతుంది, లేదా వాడేవాళ్ళు తిడతారు. సిమ్యులేటర్‌లో లోపముంటే ఏమీ జరగదు. అంకె వస్తుంది. తప్పు అంకె కూడా ఒప్పు అంకెలాగే నాలుగు దశాంశ స్థానాలతో ముస్తాబై వస్తుంది. 2014లో కొందరు పరిశోధకులు జెమ్-5ని నిజమైన ఆర్మ్ బోర్డుతో పోల్చి చూశారు. ఆ బోర్డుకి తగినట్టు సిమ్యులేటర్‌ని సవరించాక కూడా, స్పెక్ 2006 ప్రోగ్రాములు నడిచే కాలంలో సగటు తేడా 5 శాతం ఉంది. హెచ్చులూ తగ్గులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోకుండా లెక్కిస్తే 13 శాతం. ఆ మరుసటి ఏడు ఐఇఇఇ మైక్రో పత్రికలో, ఇలాంటి సిమ్యులేటర్లు హానికరమని పేరులోనే చెప్పే వ్యాసం ఒకటి వచ్చింది. నేనంత దూరం పోను. హెచ్చయినా తగ్గయినా, ఇంకొకడు అదే సిమ్యులేటర్ మీద సరిచూడగలిగితే తప్పు ఎక్కడుందో పట్టుకోవచ్చు. సరిచూడడానికే వీల్లేకపోతే అది ఉత్త కబుర్ల కిందే లెక్క.

2020 మే నెలలో 20.0 వచ్చింది. మన పంచాంగానికి సంవత్సరం పేరున్నట్టే దీనికీ ఉంది. మొదటి అంకె ఏడాది, రెండోది ఆ ఏడాదిలో ఎన్నో విడుదలో చెప్పేది, ఆ తరవాతవి చిన్న సవరణలకి. అప్పటినుంచి రెండు శాఖలు. రోజూ మార్పులు చేరేది ఒకటి, విడుదలైనది మాత్రమే ఉండేది రెండోది. విడుదలకి రెండు వారాల ముందు మొదటి దాన్నుంచి ఒక కొమ్మ విడదీసి, దానిలోకి కొత్త హంగులేవీ రానివ్వరు, లోపాల సవరణలు తప్ప. పరీక్షలు మూడంచెలు. త్వరగా అయ్యేవి ప్రతి మార్పుకీ, పొడుగువి రాత్రిళ్ళు, మరీ పొడుగువి వారానికోసారి. సిమ్యులేటర్ లోపల లినక్స్ మొదలవుతుందా లేదా అన్నది ఒక్కొక్క ప్రాసెసర్ నమూనా మీదా చూడాలి మరి. ఈ చాకిరీ మీద పరిశోధనపత్రాలు అచ్చవవు. చేసేవాళ్ళకి దండం పెట్టాలి.

ప్రతి విడుదలా ఎవరినో ఒకరిని ఏడిపిస్తుంది. ఫలితాల ఫైలులో సిమ్, సెకండ్స్ అన్న మాటల మధ్య ఒకప్పుడు అడుగుగీత ఉండేది. ఇప్పుడు గీత పోయి రెండో మాట పెద్ద అక్షరంతో మొదలవుతోంది. అంతే! ఆ పేరు వెతికి పట్టుకునే మా స్క్రిప్టులన్నీ ఒక్కసారిగా ఖాళీ పట్టికలు ఇచ్చాయి. తరతరాల విద్యార్థులు మొదటిరోజు నడిపే ఎస్ఈ, ఎఫ్ఎస్ అనే రెండు పైథాన్ ఫైళ్ళని కూడా పాతవాటి అరలోకి తోసేశారు. మొదట్లో విసుక్కున్నాను. కాని మార్పుల చిట్టాలో ఈ సంగతులు రాసి ఉంటాయి, చదవనిది నేనే. పాతదే కావాలంటే దాని అంకె చెప్పి ఇవాళ కూడా దింపుకోవచ్చు.

నా ఎమ్మెస్ సిద్ధాంతవ్యాసం 2005 నాటిది. అప్పట్లో అందరూ వాడే సింపుల్‌స్కేలర్‌ని నాకు కావలసినట్టు మార్చుకుని చేశాను. నిరుడు ఒక పరిశోధక విద్యార్థిని ఉత్తరం రాసింది. ఫలానా పటంలోని అంకెలు తనకి రావడం లేదట, ఏ వెర్షన్ వాడారు, ఏమేం మార్చారు అని అడిగింది. గరాజులో పెట్టెలన్నీ దించి పాత సీడీ పట్టుకున్నాను. అందులో మూడు ఫోల్డర్లున్నాయి. ఒకదాని పేరు ఫైనల్, రెండోదాని పేరు ఫైనల్ కొత్తది, మూడోదాని పేరు వాడవలసినది. ఇప్పటి కంప్యూటర్ మీద మూడింటిలో ఒక్కటీ కంపైల్ కాలేదు. ఆ పటం దేనితో గీశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. క్షమాపణ చెప్పి, మూడూ కలిపి ఆ అమ్మాయికి పంపించాను.